పన్ను చిట్టాలో ఉన్నాం, బీరువాలో ఎక్కడున్నాం?

ఇంటి పన్ను రసీదును ఎప్పుడైనా నిదానంగా చదివారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న పద్దు ఉంటుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం దీనికి ఆధారం. ఈ పద్దు వేసేటప్పుడు ఇది సాయిబుల ఇల్లా, ఇంకెవరి ఇల్లా అని ఎవరూ అడగరు. జగ్గయ్యపేటలో అయినా, నందిగామలో అయినా, పంచాయతీ పరిధిలో పరుపులు కుట్టుకుని బతికే దూదేకుల ఇల్లయినా లెక్క ఒకటే. పన్ను దగ్గర మనం పూర్తి స్థాయి పౌరులం. ఎవరి దేశభక్తినీ అక్కడ తూకం వెయ్యరు.

మరి ఆ పన్నుతో నడిచే గ్రంథాలయంలో మనం ఎక్కడున్నాం? పేపర్ల బల్ల దగ్గర ఉన్నాం. హాజరు పుస్తకంలో సంతకాల్లో ఉన్నాం. బీరువాలో ఉన్నామా? ఉంటే ఏ పేరుతో ఉన్నాం? దండెత్తి వచ్చినవాళ్ళుగానా, ఈ ఊరివాళ్ళుగానా?

ఈ ప్రశ్న మిగతా ప్రాంతాల కన్నా మన పడమటి కృష్ణాలో ఎక్కువ అడగాల్సింది. ఎందుకంటే తెలుగు గ్రంథాలయోద్యమానికి ఈ మెట్ట నేలతో పేగు సంబంధం ఉంది. మన పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పినా సగమే చెబుతారు.

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తెలియని వాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పుట్టింది అక్కడే. ఆయన మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేశాడు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం. కానీ పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది, మన నందిగామ తాలూకాది. నిజాం రాజ్యం నడుమ ఇంగ్లీషువాడి ద్వీపం అన్నమాట. ఈ దివానూ, ఈ జమీందారూ, రావిచెట్టు రంగారావూ కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. హైదరాబాదు రాజ్యంలో తెలుగు గ్రంథాలయోద్యమం అక్కణ్ణుంచే మొదలైందని చరిత్రకారులు చెబుతారు. అంటే దాని విత్తనం మన తాలూకా నుంచి వెళ్ళింది.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో, రామ్మోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య ఉన్నాడు. బెజవాడ ప్రజాజీవితంలో ముందు నిలిచిన అయ్యదేవర కాళేశ్వరరావు పుట్టింది నందిగామలోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యాడు. రాజుల దగ్గరా, మఠాల్లోనూ, పండితుల ఇళ్ళల్లోనూ ఉండే పుస్తకాన్ని మామూలు మనిషి చేతికి తెచ్చిన ఉద్యమం అది. 1935లో పాతూరి నాగభూషణం పడవ మీద పుస్తకాలు వేసుకుని కాలవల వెంట ఊళ్ళు తిరిగాడు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వాడి దగ్గరికి వెళ్ళాలన్నది ఆ ఉద్యమం నేర్పిన విలువ. ఈ ఘనతను తక్కువ చెయ్యాల్సిన పని మనకు లేదు. ఆ పుస్తకాల మీదే మనమూ పెరిగాం.

అయితే 1901 నాటి ఆ పేరును ఇంకోసారి చూడండి. శ్రీకృష్ణదేవరాయ. ఆంధ్ర. భాష. నిజాం పాలనలో తెలుగుకు గౌరవం లేదు. కొలువు ఉర్దూది. సభ పెట్టుకోవాలంటే అనుమతి, పత్రిక పెట్టాలంటే అనుమతి. కాబట్టి అక్కడ తెలుగు పుస్తకం పట్టుకోవడమే ఒక ధిక్కారం. అది న్యాయమైన పోరాటం. ఆ పోరాటానికి కృష్ణదేవరాయల పేరు జెండా అయింది. కానీ జెండా ఎగరేసిన చోట ఇంకొకటి కూడా జరిగింది. తెలుగు అంటే హిందువు, ఉర్దూ అంటే ముస్లిం, ముస్లిం అంటే నిజాం అనే లెక్క జనం మనసుల్లో చల్లగా స్థిరపడింది.

ఈ లెక్క నందిగామ తాలూకాలో ఎంత తప్పో చూడండి. మన ప్రాంతం కొండపల్లి సర్కారులోది. 1766 ఒప్పందంతో నిజాం ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. అంటే రజాకార్ల నాటికి ఇక్కడ నిజాం పాలన పోయి 180 ఏళ్ళు దాటింది. మన తాతలకు నిజాం ఎవరు? ఏలినవాడు కాడు, జీతమిచ్చినవాడు కాడు. దూదేకులాయన ఇంట్లో ఉర్దూయే లేదు. అతని తల్లి జోలపాడింది తెలుగులో, అతను బేరమాడింది తెలుగులో, తిట్టుకుంది తెలుగులో, పీర్ల పండగకు పాడుకుంది తెలుగులో. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో కూడా సగం మాటలు తెలుగువే.

సరిహద్దు మాత్రం మన వాకిట్లోనే ఉండేది. మునగాల అటు ద్వీపమైతే, నందిగామ తాలూకా నడుమ పరిటాల జాగీరు నిజాం ద్వీపం. 1947 చివర్లో పరిటాల ప్రజలు నిజాం ఏలుబడిని కాదని స్వతంత్రం ప్రకటించుకున్నారు. రజాకార్ల దాడులకు తట్టుకోలేక తెలంగాణ జనం సరిహద్దు దాటి మన ఊళ్ళకు తరలివచ్చారు. ఆ బాధ నిజం. దాన్ని ఏ ముస్లిమూ కాదనకూడదు. కానీ ఆ బాధకు జవాబు చెప్పమని ఎవరిని నిలదీశారు? నిజాం ఉప్పు తినని సాయిబును. మస్తాన్ అనో, నాగూర్ అనో పేరున్న ప్రతివాణ్ణీ. వాడి పేరే వాడి మీద సాక్ష్యం.

పేరును సాక్ష్యం చేసేది పుస్తకం. ఇక్కడే మళ్ళీ లక్ష్మణరావు దగ్గరికి రావాలి. ఆయన 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్ళలో ముఖ్యుడు. తెలుగులో చరిత్రనూ విజ్ఞానశాస్త్రాలనూ మామూలు చదువరులకు అందించిన తొలి పెద్ద ప్రయత్నం అది. మండలి పుస్తకాలు లేని పాత గ్రంథాలయం అరుదు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశాడు. శివాజీ చరిత్ర రాశాడు. భారతదేశ చరిత్రను కూడా రాశాడు. దాన్ని ఎలా విడగొట్టాడు? ఒకటి హిందూ మహాయుగం. ఇంకొకటి మహమ్మదీయ మహాయుగం.

ఈ కొలత లక్ష్మణరావు సొంతం కాదు. 1817లో జేమ్స్ మిల్ ఇంగ్లండులో కూర్చుని, ఈ దేశంలో కాలుపెట్టకుండానే, మన చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ కాలాలుగా కోశాడు. మొదటి రెండింటికి మతాల పేర్లు పెట్టాడు. మూడో దానికి మాత్రం క్రైస్తవ యుగం అనలేదు! తనవాళ్ళకు దేశం పేరు, మనకు మతం పేరు. ఆ కత్తిరింపునే మన పెద్దలు తీసుకున్నారు. జాతీయవాదం ఆ బట్టతోనే చొక్కా కుట్టుకుంది. బడి పుస్తకం దాన్ని తొడుక్కుంది.

అందువల్ల ఏం జరిగింది? పొలం దున్నుకున్న రైతూ, నేత నేసిన మనిషీ, దూది ఏకిన మనిషీ చరిత్రలోంచి పోయారు. రాజు మతమే కాలం పేరయింది. గ్రంథాలయంలో ఏడో తరగతి కుర్రాడు ఆ పుస్తకం తీస్తే, ముందు సగంలో వాడు లేడు, తర్వాత సగంలో వాడు నేరస్తుడు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసింది ఈ నేరారోపణ మీదే. కృష్ణా నీళ్ళు తాగిన తెలుగులోనే ఆ జవాబు వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చేసరికి ఆ గొంతుకు ఇంకా చాలా గొంతులు కలిశాయి.

లక్ష్మణరావును మనం ముద్దాయిని చెయ్యాల్సిన పని లేదు. ఆయన దగ్గర తీసుకోవాల్సింది కూడా ఉంది. కథలూ, కైఫీయతులూ చాలవు, శాసనం చూపించు, ఆధారం చూపించు అని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆ పట్టుదలే మనకు ఆయుధం. ఆయన నేర్పిన పద్ధతితోనే ఆయన వాడిన కొలతను ప్రశ్నిద్దాం. ఆధారాలు మన దగ్గర తక్కువేం లేవు.

1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా చెప్పే యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన్న ఎవరికి అంకితమిచ్చాడు? పటాన్‌చెరువు అమీన్ ఖాన్‌కు. సంస్కృతం కలవని తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్! తెలుగు ఎవరిదనే వాదం వచ్చినప్పుడు ఈ ఒక్క సంగతి చాలు. పిఠాపురం ఉమర్ ఆలీషా అవధానాలు చేసి, నాటకాలూ పద్యకావ్యాలూ రాసి, కేంద్ర శాసనసభలో కూర్చున్నాడు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే పల్నాటి వీరులు లేచి నిలబడ్డారు. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు, 1925లో అచ్చయింది. ఒక బ్రాహ్మణ పండితుడు మన గ్రంథాన్ని తెలుగు చేశాడు. ఒక దూదేకుల బిడ్డ పల్నాటి వీరచరిత్రకు గొంతిచ్చాడు. ఇదీ ఈ నేల అసలు చరిత్ర. రెండు మహాయుగాల్లో దేంట్లో పెడతారు దీన్ని?

చదవకపోతే చరిత్ర ఎలా మాయమవుతుందో చూడాలంటే జగ్గయ్యపేట దాటి పోనక్కర్లేదు. ఊరి పక్క గుట్టను జనం ధనంబోడు అంటారు. ధనం దొరుకుతుందని ఆశ. అక్కడున్నది బౌద్ధ స్తూపం. బౌద్ధులు పోయారు, స్తూపం పాలరాయి లాంటి రాతి పలకలు ఒకటొకటే ఊడిపోయాయి. మిగిలిన దాని మీద జేమ్స్ బర్జెస్ 1887లో అమరావతితో కలిపి పుస్తకం వేశాడు. అప్పుడు తెలిసింది ఆ గుట్ట విలువ. అక్కడి ఆయక స్తంభాల మీద ప్రాకృత శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట రాసింది. ఆ స్తంభాలు నిలిపిన దాత రాజు కాదు, మంత్రి కాదు. సిద్ధార్థుడనే ఒక పనివాడు, పనివాడి కొడుకు.

పదిహేడు వందల ఏళ్ళ కిందటి చేతివృత్తివాడి పేరు మనకు తెలుస్తోంది. ఎందుకు? రాతి మీద రాశారు, పుస్తకంలోకి ఎక్కింది. నిన్న మొన్నటి మన తాత పేరు తెలియడం లేదు. ఎందుకు? ఎక్కడా ఎక్కలేదు. రాసిపెట్టుకోని జాతి చరిత్ర ధనంబోడు అవుతుంది. ఎవరికి తోచిన కథ వాళ్ళు చెబుతారు, ఎవరికి కావలసిన రాయి వాళ్ళు పట్టుకుపోతారు.

అందుకే గ్రంథాలయం మనకు కాలక్షేపం చోటు కాదు. బతుకు అవసరం. ఉదయం పేపరు చూడ్డానికి పోయే మేస్త్రీకి, మెకానిక్‌కి అది పైసా ఖర్చు లేని లోకం. నాలుగు పేపర్లు పక్కపక్కన పెట్టి చదివినవాడికి ఒకే వార్త నాలుగు రకాలుగా ఎలా రాస్తారో తెలుస్తుంది. ఇది ఏ బడీ చెప్పని పాఠం. ఫోనులో ఎవరో పంపిన అబద్ధానికి ఊరంతా ఊగిపోతున్న ఈ రోజుల్లో, ఆ పాఠం అందరికన్నా ముందు మనకు అవసరం. ఆ అబద్ధాల్లో సగం మన మీదే కదా!

2006లో సచార్ కమిటీ మన వెనకబాటును అంకెలతో సహా దేశం ముందు పెట్టింది. 2007లో మన రాష్ట్రం ముస్లింలలోని వెనకబడ్డ వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కోర్టుల చుట్టూ తిరుగుతూ అది నిలబడింది. దూదేకుల వాళ్ళు అంతకు ముందే బీసీ-బిలో ఉన్నారు. కానీ రిజర్వేషన్ తలుపు తీస్తుందే తప్ప లోపలికి మోసుకుపోదు. పోటీ పరీక్షకు కూర్చునేవాడికి పుస్తకం కావాలి, బల్ల కావాలి, గొడవ లేని రెండు గంటలు కావాలి. ఒకే గదిలో ఆరుగురు బతికే ఇంట్లో ఆ రెండు గంటలు ఎక్కడివి? కోచింగుకు వేలు పోయలేని కుర్రాడికి గ్రంథాలయమే కోచింగు.

ఆడపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. లక్ష్మణరావు అక్క బండారు అచ్చమాంబ 1874లో ఆ పెనుగంచిప్రోలులోనే పుట్టింది. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుందని ఆమె గురించి చెబుతారు. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. 1905లోనే పోయింది. ఇంట్లోకి వచ్చిన పుస్తకం ఒక ఆడపిల్లను ఏం చెయ్యగలదో అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు పదో తరగతితో ఆగిపోయి, మిషను ముందు కూర్చుని, పెళ్ళి కబురు కోసం ఎదురుచూడటం లేదు? ఆ పిల్ల గ్రంథాలయానికి పోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే కొట్లాడదాం. అంతదాకా పుస్తకాన్నైనా ఇంటికి తెద్దాం. కొద్దిపాటి డిపాజిట్టు కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికిస్తారు. అన్న పేరున తెచ్చిన పుస్తకాన్ని చెల్లెలు చదువుతుంది. నాగభూషణం పడవ చేసిన పని ఇవాళ అన్న సైకిలు చెయ్యాలి.

ఇక బీరువా సంగతి. లోకంలో ఎక్కువ గ్రంథాలయాలు వాడే డ్యూయీ పద్ధతిలో మతాలకు 200 నుంచి 299 దాకా నంబర్లు. అందులో 220 నుంచి 280ల దాకా క్రైస్తవానికే సరిపోయింది. ఇస్లాంకు దక్కింది 297 ఒక్కటి. ఒక్క నంబరైనా ఉంది, సంతోషమే. మీ ఊరి గ్రంథాలయంలో ఆ చోటుకు వెళ్ళి చూడండి. ఏమున్నాయి? ఆ తర్వాత కవిత్వం దగ్గర చూడండి, కథల దగ్గర చూడండి, స్థానిక చరిత్ర దగ్గర చూడండి. 'పుట్టుమచ్చ' ఉందా? 'జల్‌జలా' ఉందా? 2004లో వచ్చిన ముస్లిం కథల సంకలనం 'వతన్' ఉందా? స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల గురించి సయ్యద్ నశీర్ అహమ్మద్ రాసిన పుస్తకాలున్నాయా? లేకపోతే అడగండి. మాటతో కాదు, కాగితం మీద అడగండి. పుస్తకాలు పై నుంచి ఎంపిక జాబితాల ప్రకారం వస్తాయి. అడిగేవాడు లేని పుస్తకం ఏ జాబితాలోకీ ఎక్కదు.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. మంచిదే. కానీ చట్టంలోని ఉర్దూ బల్ల మీది ఉర్దూ పత్రికగా మారాలి. ఉర్దూ వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని చదువుకునే ఒక్క పత్రిక కోసం అడగడం కూడా మన పనే. ఉర్దూ రాని దూదేకుల పిల్లకు తెలుగులో ఇస్లాం చరిత్ర దొరకడం కూడా అంతే ముఖ్యం. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని ఎగ్గొట్టకూడదు.

లౌకికవాదులైన మిత్రులతో ఒక మాట. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. చాలాచోట్ల సరస్వతి పటం ముందు దీపం వెలిగించి మొదలుపెడతారు. మాకు దీపంతో పేచీ లేదు. తెలుగువాళ్ళ తొలి పౌర గ్రంథాలయాల్లో ఒకటైన 1886 నాటి విశాఖ గ్రంథాలయం పేరే సరస్వతీ నిలయం. కానీ అదే నవంబరు 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ పుట్టినరోజు. 2008 నుంచి జాతీయ విద్యా దినం కూడా. మధ్యలో రెండు రోజులే తేడా. ఆ వారోత్సవ పందిట్లో ఆజాద్ బొమ్మ ఒకటి పెడితే పందిరి ఇరుకవుతుందా? ఇది మేం అడగక ముందే మీకు తట్టి ఉంటే, ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

మనవాళ్ళతో కూడా ఒక మాట. గ్రంథాలయాలకు వారం సెలవు శుక్రవారం. అది మన జుమ్మా కోసం పెట్టింది కాదు, అయినా మనకు కలిసొచ్చింది. నమాజుకు అడ్డమని చెప్పే సాకు కూడా లేదు. మసీదు కమిటీ రంగుల కోసం, మైకుల కోసం చందాలు వేసే ఊళ్ళో, పిల్లల గ్రంథాలయ సభ్యత్వాలకు ఒక్క చందా ఎందుకు వెయ్యదు? మన గ్రంథాలయం మనం వేరుగా పెట్టుకుందామని కొందరంటారు. పెట్టుకోండి, వద్దనను. కానీ వేరు గదిలో మన చరిత్రను మనమే చదువుకుంటే పక్కింటివాడికి ఎప్పుడు తెలుస్తుంది? అమీన్ ఖాన్ సంగతి సాయిబు పిల్లాడికి తెలిస్తే వాడికి ధైర్యం వస్తుంది. పక్కింటి పిల్లాడికి తెలిస్తే ఊరు బాగుపడుతుంది. అందుకే ఆ పుస్తకం ఉండాల్సింది ఉమ్మడి బీరువాలో.

ఆ ఉమ్మడి బీరువాను బతికించుకోవడం కూడా మన పనే. మనం కట్టిన గ్రంథాలయ పన్నును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమచెయ్యకుండా బకాయి పెట్టడం ఏళ్ళ నాటి రోగం. పన్ను కట్టేది అన్ని మతాలవాళ్ళం, బకాయికి నష్టపోయేదీ అన్ని మతాల పిల్లలే. ఈ ఒక్క డిమాండు మీద సాయిబులూ, మాదిగలూ, కమ్మవారూ, అందరూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టొచ్చు. అలాంటి అర్జీలు ఈ దేశంలో తగ్గిపోతున్నాయి.

1901లో మన తాలూకా మనుషులు పరాయి రాజ్యానికి వెళ్ళి, గౌరవం దక్కని ఒక భాషకు ఇల్లు కట్టారు. గౌరవం దక్కని చోట పుస్తకం పెట్టడమే వాళ్ళు మనకు చూపిన దారి. ఇవాళ అదే తాలూకాలో గౌరవం దక్కని చరిత్ర ఒకటి ఉంది. దానికి కొత్త ఇల్లు కట్టనక్కర్లేదు. ఉన్న ఇంట్లో ఒక అర చాలు. ఆ ఇంటికి మనం కూడా పన్ను కడుతూనే ఉన్నాం.